"ఎలాగూ సముద్రంలోకే కదా పోయేది" అనే మాట ఇక ఆపండి

నది సముద్రంలో కలిసే చోట, అంటే మొగలో, ఏ ప్రాజెక్టు వచ్చినా, ఎవరైనా నిలదీసి అడిగితే చివరికి వచ్చే జవాబు ఒక్కటే. "మురుగు ఎలాగూ సముద్రంలోకే కదా పోయేది, అంత సముద్రానికి ఇదెంత?" ఇంజనీర్లు అదే మాటను మర్యాదగా "డైల్యూషన్", అంటే నీళ్లలో కలిసి పలచబడిపోవడం, అంటారు. ఇది విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. ఇది ఎవరి అభిప్రాయం వాళ్లదని వదిలేసే విషయం కాదు. ఇది శుద్ధ తప్పు. మొగలో నీళ్లు అలా పోవు.

ఉప్పునీరు బరువు. పోటు వచ్చినప్పుడు అది నది నీటి కిందికి చొచ్చుకుని అడుగు వెంట లోపలికి పాకుతుంది. తేలికైన మంచినీరు పైపైన సముద్రం వైపు జారుతుంది. ఆటులో బయటికి వెళ్లినదాంట్లో చాలా భాగం మళ్లీ పోటుకి వెనక్కి వస్తుంది. నదిలో ప్రవాహం తగ్గిన ఎండాకాలంలో మురుగు రోజుల తరబడి, కొన్నిచోట్ల వారాల తరబడి, అక్కడక్కడే ముందుకీ వెనక్కీ ఊగుతూ ఉంటుంది. ఇంకో సంగతి కూడా ఉంది. నది మోసుకొచ్చే సన్నటి బంకమట్టి రేణువులు ఉప్పు తగలగానే ఒకదానికొకటి అతుక్కుని, బరువెక్కి అడుక్కి దిగిపోతాయి. వాటిని అంటుకుని వచ్చిన సీసం, పాదరసం, నూనె, పురుగుమందులు కూడా వాటితో పాటే దిగుతాయి. అంటే ఊరు వదిలించుకున్నాననుకునే చెత్తలో చాలా భాగం సముద్రం దాకా పోనే పోదు, మొగలోనే ఆగిపోతుంది. చేపలు, రొయ్యలు, పీతలు పిల్లలుగా పెరిగేది సరిగ్గా అక్కడే.

లండన్ ఈ పాఠం ఎంత ఆలస్యంగా నేర్చుకుందో చూడండి. 1858 ఎండాకాలంలో థేమ్స్ కంపు భరించలేక పార్లమెంటే గగ్గోలు పెట్టింది. తర్వాత బజల్‌గెట్ అనే ఇంజనీరు అద్భుతమైన మురుగు కాలువలు కట్టాడు, కాదనను. నగరంలో కలరా ఆగింది. కానీ ఆ మురుగంతా ఎక్కడికి పోయింది? బెక్టన్, క్రాస్‌నెస్ అనే చోట్లకి, నగరానికి కాస్త దిగువన, ఆటుపోట్లు తగిలే నదిలోకే. 1878లో ప్రిన్సెస్ ఆలిస్ అనే విహార పడవ ఆ మురుగు గొట్టాలకు దగ్గర్లోనే మునిగి 600 మందికి పైగా చనిపోయారు. చాలామంది పడింది నీళ్లలో కాదు, అప్పుడే వదిలిన మురుగులో. 1957 నాటికి లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం శాస్త్రవేత్తలు థేమ్స్‌లో ఆ భాగం జీవం లేనిదని తేల్చేశారు. తర్వాత శుద్ధి ప్లాంట్లను బాగుచేశాక నది కోలుకుంది, ఇవాళ అక్కడ 100కు పైగా రకాల చేపలు నమోదయ్యాయి. అయినా వాన పడితే పాత కాలువలు పొంగి నదిలోకే వదులుతుండేవి. దాన్ని ఆపడానికి తవ్విన 25 కిలోమీటర్ల సొరంగం పూర్తిగా పనిలోకి వచ్చింది 2025లో. 1858 ఎక్కడ, 2025 ఎక్కడ!

మొగ పాడైందంటే మనవాళ్లు వెంటనే ఫ్యాక్టరీ గొట్టం కోసం వెతుకుతారు. గొట్టం కనబడుతుంది, కేసు పెట్టొచ్చు, ఫొటో తీయొచ్చు. కానీ నగరం పెరిగే కొద్దీ అసలు దెబ్బ తీసేది ఎవరూ ఫొటో తీయని సిమెంటు, తారు. డాబాలు, రోడ్లు, పార్కింగులు. వాన నేలలోకి ఇంకకుండా ఒక్క ఉదుటున కాలువల్లో పడి మొగలోకి దూకుతుంది. అమెరికాలోని సౌత్ కరోలినా తీరంలో చిన్న చిన్న ఉప్పుటేర్లను శాస్త్రవేత్తలు పరిశీలించారు. ఏటికి నీరందించే నేలలో 10 నుంచి 20 శాతం ఇలా కప్పేస్తే చాలు, నీటి తీరూ అడుగు మట్టి తీరూ మారిపోతున్నాయి. 20, 30 శాతం దాటితే అందులోని రొయ్యలు, పురుగులు తగ్గిపోతున్నాయి. మామూలు శివారు కాలనీ కూడా ఈ గీత ఇట్టే దాటేస్తుంది. అక్కడ ఎవరూ ఏ చట్టమూ ఉల్లంఘించలేదు, అన్నిటికీ ప్లాను అప్రూవల్ ఉంది.

ఆ వాన నీటిలో ఏముంటుందో తెలిపే ఉదాహరణ ఒకటి చదివినప్పటి నుంచి నన్ను వదల్లేదు. అమెరికా వాయవ్య తీరంలో, ప్యూజెట్ సౌండ్ చుట్టుపక్కల నగర వాగుల్లోకి కోహో సామన్ చేపలు సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి వస్తాయి. వాన పడిన కొన్ని గంటల్లోనే అవి నీటి పైకి వచ్చి నోరు తెరుచుకుని గుండ్రంగా తిరిగి, కడుపులో గుడ్లు కడుపులోనే ఉండగా చచ్చిపోయేవి. ఏళ్ల తరబడి కారణం దొరకలేదు. 2020 చివర్లో తేలింది. కారు టైరు రబ్బరు పగిలిపోకుండా కలిపే రసాయనం ఓజోన్‌తో కలిసి ఇంకో విషంగా మారుతోంది, టైరు అరిగిన పొడితో పాటు రోడ్ల మీద పేరుకుని వానకి వాగులోకి కొట్టుకొస్తోంది. ఇందులో దోషి ఎవరు? రోడ్డు మీద బండి నడిపే ప్రతివాళ్లూ. నోటీసు ఎవరికివ్వాలి? ఎవరికీ ఇవ్వలేం. నగరాల వల్ల మొగలకు వచ్చే ముప్పులో పెద్ద భాగం ఇలాంటిదే. అందుకే గొట్టాలను వెంటాడే కాలుష్య నియంత్రణతో ఇది ఆగదు.

ఇక మొగల్ని మట్టి పోసి పూడ్చేసే సంగతి. ఆటులో బయటపడే బురద నేలను చూసి "ఖాళీగా పడి ఉంది" అనేవాళ్లని ఒక్కసారి వంగి చూడమనండి. నీరు తీసిన కాసేపటికే ఆ బూడిద రంగు బురద మీద బంగారు గోధుమ రంగు పొర తేలుతుంది. అవి కంటికి కనబడనంత చిన్న నాచు కణాలు. ఎండ కోసం పైకి వస్తాయి, పోటు వచ్చేలోపు మళ్లీ మట్టిలోకి దిగిపోతాయి. వాటిని నత్తలు తింటాయి, నత్తల్నీ పురుగుల్నీ పక్షులు తింటాయి, పోటు ఎక్కాక చేపపిల్లలు వచ్చి మేస్తాయి. పూట పూటకీ నిండే మేత అది. దాన్ని ఖాళీ జాగా అని రికార్డుల్లో రాసుకుని మట్టి లారీలు తోలేస్తాం.

శాన్ ఫ్రాన్సిస్కో అఖాతాన్ని ఇలాగే పూడ్చుకుంటూ పోయారు. ఒక ఊరు విమానాశ్రయానికి, ఒక ఊరు చెత్తకుప్పకు, ఒక ఊరు ఇళ్లకు. ఇలాగే సాగితే 2020 నాటికి అఖాతం కాస్తా వెడల్పాటి నదిలా మిగులుతుందని చూపే మ్యాపు 1959లో బయటికొచ్చింది. కే కెర్, సిల్వియా మెక్‌లాఫ్లిన్, ఎస్తర్ గులిక్ అనే ముగ్గురు ఆడవాళ్లు 1961లో జనాన్ని కూడగట్టారు. 1965లో చట్టం వచ్చింది, మొత్తం అఖాతానికి ఒకే అనుమతి సంస్థ ఏర్పడింది. అంతకుముందు ఏ ఊరి పూడిక ఆ ఊరి ఇష్టం. వాళ్లు గెలిచింది ఒక్క ప్రాజెక్టు మీద కాదు. "మొత్తం ఎంత పోయింది?" అనే లెక్క ఒకచోట పెట్టించారు. 2016లో అక్కడి తొమ్మిది కౌంటీల (మన జిల్లాల్లాంటివి) జనం ఉప్పు చిత్తడి నేలల్ని తిరిగి తేవడానికి ఒక్కో స్థలానికి ఏటా 12 డాలర్ల పన్ను తమ మీద తామే వేసుకున్నారు. జనానికి పట్టదు అనే నాయకులకు ఇది చెప్పాలి.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది మాత్రం "పరిహారంగా వేరేచోట పెంచుతాం" అనే హామీ. ఈ మాటతో ఎంత పెద్ద నాశనానికైనా సంతకం పడిపోతుంది.

వేల్స్‌లోని కార్డిఫ్‌లో 1999లో మొగకు అడ్డుగా బ్యారేజీ కట్టి బురద నేలల్ని శాశ్వతంగా ముంచి మంచినీటి సరస్సు చేశారు. చుట్టూ ఫ్లాట్లకు చక్కటి వ్యూ వచ్చింది. అక్కడ చలికాలం గడిపే రెడ్‌శాంక్ అనే నీటి పక్షుల కాళ్లకు ముందే రింగులు వేసి ఉండటంతో తర్వాత ఏమైందో తెలిసింది. అవి పక్కనున్న బురద నేలలకు వెళ్లాయి. అక్కడ అప్పటికే వేరే పక్షులున్నాయి. వచ్చినవి బరువు తగ్గాయి, చలికాలంలో మునుపటికన్నా ఎక్కువగా చనిపోయాయి. పరిహారంగా ఇచ్చింది వేరేచోట ఒక చిత్తడి రిజర్వు, అది ఆటుపోట్ల బురద నేల కాదు. బాగానే ఉంటుంది, కానీ అది వేరే జీవులకు.

దక్షిణ కొరియాలోని సేమంగమ్‌లో ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. రెండు నదుల మొగలను 33 కిలోమీటర్ల గోడతో 2006లో మూసేశారు. గ్రేట్ నాట్ అనే వలస పక్షులు వేల మైళ్ల ప్రయాణంలో మేత కోసం ఆగేది అక్కడ. పక్కనున్న మొగలకు సర్దుకుంటాయిలే అన్నారు. సర్దుకోలేదు. వాటి మొత్తం సంఖ్యే పడిపోయింది. పక్క మొగ కూడా ఎప్పుడూ ఖాళీగా ఉండదు, ఎంత మేతుంటే అన్ని ప్రాణులు అప్పటికే ఉంటాయి. ఈ చిన్న విషయం అర్థం కాకుండా పరిహార పథకాలు ఎలా రాస్తారో నాకు అంతుబట్టదు.

ఓడల కోసం లోతు తవ్వడం మరో కథ, క్లుప్తంగా చెబుతాను. జర్మనీలో హాంబర్గ్ దగ్గర ఎల్బ్ నదిని మళ్లీ మళ్లీ లోతు చేశారు. 1900 ప్రాంతంలో దాదాపు 2 మీటర్లున్న ఆటుపోట్ల తేడా ఇప్పుడు మూడున్నర మీటర్లు దాటింది. పోటు బలం పెరిగి బురదను లోపలికి నెడుతోంది, దాన్ని తీయడానికి మళ్లీ తవ్వాలి. పక్కనే ఎమ్స్ నదిలో క్రూజ్ ఓడలు దాటేందుకు చేసిన తవ్వకంతో ఎండాకాలంలో నీళ్లు చిక్కటి బురదై చేపకు ఊపిరాడని స్థితికి వచ్చాయి.

మరి చేసేదేమిటి? నా మటుకు జవాబు స్పష్టంగానే ఉంది. మొగను ప్లాటు ప్లాటుగా కాకుండా నీటి పరీవాహకంతో కలిపి ఒకే లెక్కలో చూడాలి, దానికి ఒక పై హద్దు ఉండాలి. ఫ్లోరిడాలోని టాంపా అఖాతంలో అదే చేశారు. మురుగులోని నత్రజనితో నాచు పెరిగి, వెలుతురు అందక, 1980ల మొదటికి సముద్రపు గడ్డి దాదాపు సగం పోయింది. నగరం మురుగు శుద్ధిని మెరుగుపరిచింది. 1990ల నుంచి స్థానిక ప్రభుత్వాలు, ఎరువుల కంపెనీలు, విద్యుత్ కేంద్రాలు ఒకచోట కూర్చుని, అఖాతం మొత్తం ఎంత నత్రజని తట్టుకోగలదో తేల్చి వాటాలు పంచుకున్నాయి. పొగ ద్వారా గాలిలోంచి పడేది కూడా లెక్కలోకి వచ్చింది. కొన్నిచోట్ల వానాకాలంలో పచ్చికకు ఎరువు వేయడమే నిషేధించారు. 2016 నాటికి గడ్డి 40,000 ఎకరాలు దాటింది. తర్వాత మళ్లీ తగ్గి 2022కి 30,000 దగ్గరికి వచ్చింది. జనం పెరిగారు, వేడి పెరిగింది, వాన తీరు మారింది. దీన్ని చూసి "చూశారా, ఏం చేసినా లాభం లేదు" అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. హద్దును ఒకసారి గీసి ఫైలు మూసేయకూడదనే దీని అర్థం.

భారత తీర నియంత్రణ నిబంధనలు దీనికి ఎదురు దారిలో వెళ్లాయి. 2011 నోటిఫికేషన్‌లో ఆటుపోట్లు తగిలే ఏర్ల గట్టు వెంట 100 మీటర్లు లేదా ఏటి వెడల్పు, ఏది తక్కువైతే అది నియంత్రణ పరిధి. 2019లో ఆ 100 కాస్తా 50 అయింది. పది మీటర్ల ఉప్పుటేరుకు పది మీటర్ల రక్షణే. తొందరగా చచ్చిపోయేది చిన్న ఏరే, దానికే అందరికన్నా తక్కువ!

పైగా సముద్ర మట్టం పెరుగుతోంది. మడ అడవి, ఉప్పు గడ్డి తమంతట తాము లోపలి నేల వైపు జరుగుతాయి, జరగడానికి చోటుంటే. వెనక కాంపౌండు గోడో రోడ్డు కట్టో ఉంటే నీటికీ గోడకీ మధ్య నలిగి పోతాయి. ఇంగ్లండ్‌లోని మెడ్‌మెరీలో 2013లో పాత కరకట్టకు కావాలనే గండి కొట్టి, లోపల 7 కిలోమీటర్ల కొత్త గట్టు కట్టి, మధ్య నేలను సముద్రానికి వదిలేశారు. వెనకున్న ఊళ్లకు వరద ముప్పు తగ్గింది, ఉప్పు చిత్తడి తిరిగి వచ్చింది. ఇళ్లు కట్టేశాక ఈ పని అసాధ్యం, కట్టకముందు చవక.

అందుకే మొగ దగ్గర ప్రాజెక్టుకు బహిరంగ విచారణ పెడితే వెళ్లండి. నేను చదివిన పర్యావరణ ప్రభావ నివేదికల్లో చాలావాటిలో ఒకే సీజన్ డేటా ఉంటుంది. ఆటులో తీశారో పోటులో తీశారో కూడా రాయని శాంపిళ్లుంటాయి. వరద నెలల్లోనూ, నది ఎండిన నెలల్లోనూ కొలిచారా అని అడగండి. పైనున్న ఊళ్ల మురుగు, వాననీరు కలిపి మొత్తం ఎంతో అడగండి. ఇప్పటికే ఎన్ని ఎకరాల బురద నేల పోయిందో, ఇంకా ఎంత పోవచ్చని ఎవరు తేల్చారో అడగండి. మడ అడవి వెనక్కి జరగాలంటే ఏ సర్వే నంబరులోకి జరగాలో మ్యాపు మీద వేలు పెట్టి చూపించమనండి. జవాబు చెప్పలేకపోతే ఆ సంగతి విచారణ మినిట్స్‌లో రాయించి, కాపీ తీసుకునే బయటికి రండి.