పెళ్లయింది కదా, ఇంకెందుకు?

మన పిల్లల్లో ఎవరైనా ధైర్యం చేసి, తనకు అబ్బాయిలూ నచ్చుతారు, అమ్మాయిలూ నచ్చుతారు అని ఇంట్లో చెబితే, చాలామంది తల్లిదండ్రులకు గుండె ఆగినంత పనవుతుంది. కాసేపటికి ప్రాణం లేచి వస్తుంది. "అబ్బాయిలూ నచ్చుతారంటున్నావు కదా, అయితే ఇంకేం, మంచి సంబంధం చూస్తాం" అంటారు. కోపం, ఏడుపుల కంటే ఈ ఊరట వల్లే ఎక్కువ నష్టం జరుగుతోందని నేను నమ్ముతున్నాను. కోపం వస్తే గొడవైనా జరుగుతుంది, మాటలు నడుస్తాయి. ఊరట వస్తే ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. బిడ్డ చెప్పినదాంట్లో తమకు పనికొచ్చే సగం తీసుకుని, మిగతా సగం వినబడనట్టే ఉండిపోతారు.

నేను హనుమకొండలో పుట్టి పెరిగాను. నాకూ అబ్బాయిలూ అమ్మాయిలూ ఇద్దరూ నచ్చుతారు, అంటే బైసెక్సువల్‌ని. నా భర్తకు పెళ్లికి ముందే చెప్పాను, మా అమ్మకు పెళ్లయ్యాక చెప్పాను. "పెళ్లయింది గదా బిడ్డా, ఇగ గా ముచ్చట ఎందుకు?" అని అడిగింది అమ్మ. కోపం లేదు ఆ గొంతులో, నిజంగానే అర్థంకాక అడిగింది. అమెరికాలోని మన తెలుగు సంఘం పత్రిక ఇది, దీన్ని చదివేవాళ్లలో చాలామందికి అదే ప్రశ్న వస్తుంది కాబట్టి జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ఇంటర్ హాస్టల్లో స్టడీ అవర్లలో నా పక్కన కూర్చునే అమ్మాయి సెలవులకు జనగామ బస్సెక్కితే, తను తిరిగొచ్చేదాకా నాకు అన్నం సయించేది కాదు. సద్దుల బతుకమ్మ రోజు వేయిస్తంభాల గుడి దగ్గర అంత జనంలోనూ ఆమె కోసమే వెతికేదాన్ని. ప్రాణస్నేహితులు అని అందరూ అన్నారు, నేనూ అదే అనుకున్నాను. తర్వాత ఇంజనీరింగ్‌లో ఒక అబ్బాయి నచ్చాడు. ఆ ఇష్టంలో నటన ఏమీ లేదు. అబ్బాయి నచ్చాడు కాబట్టి అంతకుముందుది ఏమీ కాదని తేల్చేసుకున్నాను. అమెరికా వచ్చాక ఒక అమ్మాయిని ప్రేమించాను. ఈసారి లెక్క తిరగబడింది. అబ్బాయి మీద ఇష్టం ఊళ్లోవాళ్లు నేర్పిందేమో, అసలు నేను అమ్మాయిలే నచ్చే లెస్బియన్‌నేమో అని నిద్రపట్టని రాత్రులు గడిచాయి. ఒక ఇష్టాన్ని సాక్ష్యంగా పెట్టి ఇంకోదాన్ని కొట్టేయడం, మళ్లీ దాన్ని పెట్టి దీన్ని కొట్టేయడం. మాలాంటి చాలామందికి తమ గురించి తాము తెలుసుకోవడానికి అంత కాలం పట్టేది ఇందుకే. రెండూ నిజమే కావచ్చు అని చెప్పే మనిషి ఒక్కరూ చుట్టుపక్కల ఉండరు.

ఈ సందేహంలో ఉన్న పిల్లలకు ఒక మాట. రెండు ఇష్టాలూ సరిసమానంగా ఉండాలన్న రూలేమీ లేదు. ఒకేసారి ఉండాలనీ లేదు. ఇద్దరితోనూ ప్రేమ నడిపి చూస్తేనే తెలుస్తుందన్న మాట కూడా తప్పు. ఎవరితోనూ చెయ్యి కలపకముందే ఫలానా వాళ్లు నచ్చుతున్నారని మిగతావాళ్లకు తెలిసినట్టే మనకూ తెలుస్తుంది. 1948లోనే ఆల్‌ఫ్రెడ్ కిన్సీ అనే అమెరికన్ పరిశోధకుడు మనుషుల ఆకర్షణను రెండు పెట్టెల్లో సర్దకుండా, సున్నా నుంచి ఆరు దాకా ఒక కొలతగా చూపించాడు. ఆ కొలతలో లోపాలున్నాయని తర్వాతివాళ్లు అన్నారు, అది వేరే చర్చ. మధ్యలో కూడా మనుషులున్నారన్న సంగతి మాత్రం పాతదే. తేల్చుకోవడానికి టైమ్ పడితే పట్టనివ్వండి. ఈలోపు ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

"ఇదంతా అమెరికా గాలి" అనే పెద్దలకు నేను చెప్పగలిగేది ఒకటే. నాకు ఆ గాలి తగిలింది హనుమకొండ హాస్టల్లో, అప్పటికి నాకు పాస్‌పోర్టు కూడా లేదు. ఇలాంటి చర్చ వచ్చినప్పుడు మా ఓరుగల్లు వాళ్లం రుద్రమదేవిని తెస్తుంటాం, శాసనాల్లో ఆమెను రుద్రదేవ మహారాజు అన్నారు కదా అని. నాకు అది ఇష్టం లేదు. అది రాజ్యం ఏలడానికి సంబంధించిన విషయం, ఆమె ఎవరిని ప్రేమించిందో అందులో లేదు. మన పిల్లల్ని నమ్మడానికి కాకతీయుల దాకా వెళ్లాల్సిన పనేముంది?

ఇక "పెళ్లయింది కదా" అన్న మాట. అది నాకు తగిలేది నా భర్తతో సుఖంగా లేననో, ఇంకెవరో కావాలనో కాదు. బైసెక్సువల్ అంటే ఒకరితో ఆగరు, నమ్మలేం అని మనవాళ్లలో ఒక భయం ఉంది. పెళ్లి చేసుకున్న ఏ మనిషికైనా లోకంలో మిగతావాళ్లు అందంగా కనబడటం మానరు. ఇచ్చిన మాట నిలబెట్టుకునేవాళ్లు నిలబెట్టుకుంటారు, తప్పేవాళ్లు తప్పుతారు. దానికీ దీనికీ సంబంధం లేదు. నేను ఈ మాట బయటకు చెప్పేది, పెళ్లితో నా సగం జీవితం చెరిగిపోలేదు కాబట్టి. నేను నోరు మూసుకుంటే మన సంఘంలో ఇలాంటివాళ్లు లేరని అందరూ అనుకుంటారు. అమెరికాలో సర్వేలు చేసే ప్యూ రీసెర్చ్ సెంటర్ 2019లో ప్రచురించిన లెక్కల్లో, తమ జీవితంలోని ముఖ్యులందరికీ లేదా ఎక్కువమందికి తమ సంగతి తెలుసన్నవాళ్లు అమెరికాలోని గే, లెస్బియన్లలో 75 శాతం, బైసెక్సువల్స్‌లో 19 శాతం. ఈ దేశంలోనే అలా ఉంటే, మన ఇళ్లలో ఎంతమంది మౌనంగా ఉన్నారో ఆలోచించండి.

మౌనం వెనక చట్టం కూడా ఉంది. 2018 సెప్టెంబర్ 6న భారత సుప్రీంకోర్టు మేజర్లయినవాళ్లు ఇష్టపడి పెట్టుకునే స్వలింగ సంబంధాలు 377వ సెక్షన్ కింద నేరం కాదని తీర్పిచ్చింది. కానీ 2023 అక్టోబర్ 17న, స్వలింగ జంటల పెళ్లిని గుర్తించడానికి అదే కోర్టు ఒప్పుకోలేదు. అమెరికాలో 2015 నుంచి దేశమంతటా ఆ పెళ్లిళ్లు చెల్లుతున్నాయి. అంటే నేను ఒక మగాడిని చేసుకుంటే హనుమకొండలో కూడా సర్టిఫికెట్ ఇస్తారు. ఆనాడు ప్రేమించిన అమ్మాయినే చేసుకుని ఉంటే, విమానం దిగగానే చట్టం దృష్టిలో మేమిద్దరం ఒకరికొకరం ఏమీ కాము. మనిషిని నేనే, మనసూ ఒకటే. తల్లిదండ్రులు "ఈజీగా ఉండే దారి ఎంచుకో" అన్నప్పుడు ఈ తేడానే చూపిస్తారు. వాళ్ల భయం నాకు తెలుసు. కానీ ఎవరి మీద ప్రేమ పుడుతుందో ఎంచుకునేది కాదు. సులువుగా ఉంటుందని తొందరపెట్టి పెళ్లి చేస్తే, ఏమీ తెలియకుండా ఆ ఇంట్లో అడుగుపెట్టే మనిషికి కూడా అన్యాయమే జరుగుతుంది.

డిసెంబరు సెలవులకు పిల్లల్ని ఊరికి తీసుకెళ్లి, వరుసగా సంబంధాలు చూపించి, కాదంటే డాక్టరు దగ్గరకో బాబా దగ్గరకో తీసుకెళ్లే కుటుంబాలు ఉన్నాయి. దయచేసి ఆ పని చేయకండి. స్వలింగ ఆకర్షణను అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973లోనే జబ్బుల జాబితా నుంచి తీసేసింది. దాన్ని మారుస్తామంటూ చేసే చికిత్స వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని భారతదేశంలో నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో ప్రకటించింది. మారుస్తామని ఎవరైనా డబ్బు తీసుకుంటే అది వైద్యం కాదు.

మన సంఘం ప్రతి మహాసభలో పెళ్లి పరిచయ వేదికకు పెద్ద హాలు ఇస్తుంది. యువతకు డాన్సు పోటీలకూ, బిజినెస్ సెషన్లకూ గదులు ఇస్తుంది. వచ్చే మహాసభలో ఒక చిన్న గది, ఒక గంట ఇవ్వమని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. తలుపులు వేసుకుని, ఫొటోలు లేకుండా, తెలుగులో మాట్లాడే కౌన్సెలర్‌తో తల్లిదండ్రులు కూర్చుని అడగాలనుకున్నవి అడిగే వీలుండాలి. మాలాంటి దక్షిణాసియావాళ్ల కోసం త్రికోణ్ సంస్థ శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 1986లోనే మొదలైంది, ఇలాంటి పిల్లల తల్లిదండ్రుల కోసం పీఫ్లాగ్ అనే సంస్థ 1973 నుంచి పనిచేస్తోంది. వాళ్ల దగ్గర నేర్చుకోవచ్చు. గది ఇస్తే నేను వచ్చి మాట్లాడతాను. మావారు కూడా వస్తానన్నారు, ఎందుకంటే చాలామంది అడగాలనుకునే ప్రశ్నలు నాకంటే ఆయనకే ఎక్కువ ఉంటాయని ఆయన అంటారు.