వంగపండు రంగు ఎరుగని పెట్టె గారికి

కంప్యూటర్ తెర మీద రంగు ఎంచుకోమని తెరుచుకునే మహారాజశ్రీ రంగుల ఎంపిక పెట్టె గారికి, శ్రీకాకుళం నుంచి ఒక ప్రోగ్రామరు నమస్కరించి వ్రాయునది.

తమరి క్షేమం తెర మీద కనిపిస్తూనే ఉంది. నా క్షేమం మాత్రం తమరి వల్లే చెడింది.

చీరల దుకాణం నడిపే మా బాబాయి, అంచుల నమూనాలు చూసుకోవడానికి ఒక ప్రోగ్రామ్ రాయమన్నాడు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక్క వరుస రాసి పిలవగానే విండోస్ తెర మీద తమరు ప్రత్యక్షమయ్యారు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఒక్కోటీ 0 నుంచి 255 వరకు. మొత్తం 1,67,77,216 రంగుల ఆస్తి. అంత ఆసామి మా బాబాయి అడిగిన మొదటి రంగుకే తెల్లమొహం వేశారు. వంగపండు రంగు కావాలంటే అంకెలు చెప్పమన్నారు. వంకాయకు అంకెలేమిటని బాబాయి నన్ను చూశాడు, నేను తమరిని చూశాను. వర్ణచక్రం మీద 300 డిగ్రీలని ఎక్కడో రాసుకున్నాను. తమరి చక్రమేమో 360కి తిరగదు, 239 దగ్గరే ఆగిపోతుంది. ఆ 300ను ఇక్కడ 200 అని వేయాలట!

విసిగి రద్దు నొక్కాను. "ఏమీ లేదు, ఏమీ లేదు" అని నా ప్రోగ్రామ్‌కు రెండుసార్లు జవాబిచ్చారు. ఆ లేమిలోంచి అంకెలు విడదీయబోయి నా ప్రోగ్రామ్ కుప్పకూలింది. తప్పు నాదే. బాబాయి ముందు మాత్రం తమరి మీదికే తోశాను.

తర్వాత తెలుపు. ఆయన పొందూరు ఖద్దరు పంచె తెచ్చి తెర పక్కన పరిచాడు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకి, సన్నగా వడికిన నూలు అది. మూడు చోట్లా 255 పెట్టి చూపించాను. "ఇది సున్నం" అన్నాడు.

నెమలికంఠం దగ్గర తమరి పరువు పూర్తిగా పోయింది. పడుగు నీలం, పేక ఆకుపచ్చ. గుడ్డ కదిలితే ఒకటి తేలుతుంది, ఒకటి మునుగుతుంది. తమరు తిరిగిచ్చేది ఒకే ఒక్క రంగు.

చివరికి ఉల్లిపొర, ముక్కుపొడి, చిలకపచ్చ, గంధం అని పేర్లు రాసి నేనే గళ్ళు కట్టాను. తమరిని "ఇతర రంగులు" అనే బొత్తాం వెనక్కి పంపాను. నెమలికంఠం గడిలో నీలం గీత, ఆకుపచ్చ గీత ఒకదాని పక్కన ఒకటి సన్నగా నింపాను. బాబాయి దాన్ని కాసేపు చూసి, గుడ్డను వంచినట్టే తెరను పక్కకు వంచాడు. పాత తెర కదా, రంగు నిజంగానే మారింది.

ఇట్లు,
తమరి సెలవు కోరే విధేయుడు