మిగులు కొడుకులు, కొరత కొడుకులు

ముప్పై దాటిన కొడుకు ఇంకా అమ్మానాన్నల ఇంట్లోనే ఉంటే అతను బుద్ధిమంతుడా, పనికిమాలినవాడా? నడవడిక చూసి చెప్పలేం. ముందు పాస్‌పోర్టు చూడాలి.

ఫిన్లండ్ పిల్లలు సగటున 21 ఏళ్లకే వేరే కాపురం పెట్టేస్తారు. అక్కడ చదువుకునేవాళ్లకు అద్దె సాయం ప్రభుత్వమే ఇస్తుంది కాబట్టి స్వేచ్ఛా పిపాస త్వరగా మేల్కొంటుందని గిట్టనివాళ్లు అంటారు. మనం మాత్రం దాన్ని వ్యక్తిత్వం అనే అందాం. క్రొయేషియాలో సగటు 30 దాటిపోతుంది. పాపం, వాళ్లకు వ్యక్తిత్వం ఆలస్యంగా వస్తుంది కాబోలు.

ఇటలీలో ఇది ప్రభుత్వాన్నే కలవరపెట్టింది. పిల్లలు 18 నిండగానే ఇల్లు వదలాలని చట్టం చేస్తే బాగుంటుందని 2010లో ఒక మంత్రిగారు సెలవిచ్చారు. తాను మాత్రం 30 ఏళ్లదాకా అమ్మానాన్నల దగ్గరే ఉన్నానని, తన పక్క తాను సర్దుకోవడం కూడా రాదని ఆయనే ఒప్పుకున్నారు. విషయం తెలిసినవాళ్లే చట్టాలు చేయాలనేది ఇందుకే. 2023లో పావియా నగరంలో 75 ఏళ్ల తల్లి ఏకంగా కోర్టుకెక్కి, 40 దాటిన ఇద్దరు కొడుకుల్ని ఖాళీ చేయించమని తీర్పు తెచ్చుకుంది.

చైనాలో వ్యవహారం తలకిందులు. పెద్దవాళ్లను తరచూ వెళ్లి చూసి రావాలని 2013 నుంచి చట్టమే ఉంది. సింగపూర్‌లో పోషణ కోసం పిల్లల మీద తల్లిదండ్రులు దావా వేయవచ్చని 1995లోనే రాసిపెట్టారు. మన దేశంలో 2007 చట్టం భరణానికి నెలకు 10,000 రూపాయల గరిష్ఠ పరిమితి పెట్టింది. కందిపప్పు ధర పెరగవచ్చు గానీ కన్నవాళ్ల ఆకలి పెరగదని అప్పటివాళ్ల నమ్మకం.

అంటే ఒకచోట కొడుకులు మిగులు, ఇంకోచోట కొరత. ఇలాంటప్పుడు ఎగుమతి, దిగుమతి కాక మార్గమేముంది? పావియా తల్లి వద్దన్న కొడుకుల్ని, ఎదురుచూసి విసిగిన చైనా తల్లిదండ్రులకు పంపిస్తే సరి. భాష రాదనే టెన్షన్ అక్కర్లేదు. సొంత ఇంట్లో మాత్రం వాళ్లు నోరు విప్పి మాట్లాడిందెంత? "తిన్నావా" అంటే "ఊఁ" అనడం ఏ దేశంలోనైనా చెల్లుతుంది. వైఫై పాస్‌వర్డు చెబితే నెలలోపు సర్దుకుపోతారు.

కూతుళ్లను ఈ ఒప్పందంలో చేర్చలేదు. పుట్టింట్లో ఉన్నా అత్తింట్లో ఉన్నా మందులూ వంటా వాళ్లే చూసుకుంటున్నారు కాబట్టి, వాళ్ల గురించి ఏ మంత్రిగారికీ ఫిర్యాదు లేదు.