సవరణ: హైదరాబాద్ జిల్లా చిన్నదైంది 2016లో కాదు

హైదరాబాద్ జిల్లా 2016 జిల్లాల విభజనలో చిన్నదైపోయిందని మొన్న రాశాను. అది తప్పు. అప్పుడు ముక్కలైంది రంగారెడ్డి జిల్లా. దాంట్లోంచే వికారాబాద్, మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలు వచ్చాయి. హైదరాబాద్‌కు అసలు కోత పడింది 1978లో, చుట్టూ ఉన్న పల్లెలన్నీ రంగారెడ్డి జిల్లాగా విడిపోయినప్పుడు. అంతకుముందు, 1948లో, నిజాం సొంత ఖర్చుల భూములైన అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాను, బాఘాత్ జిల్లాను కలిపి ఈ జిల్లాను ఏర్పాటు చేశారు.

ఇప్పుడు మిగిలింది సుమారు 217 చదరపు కిలోమీటర్లే. 2011 లెక్కల ప్రకారం అందులోనే 39 లక్షల పైచిలుకు జనం!

ఇంకో పొరపాటు: హైటెక్ సిటీని ఈ జిల్లాలో కలిపేశాను. నిజానికి అది రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లిలో ఉంది. గోల్కొండ కోట, సికింద్రాబాద్ మాత్రం హైదరాబాద్ జిల్లావే.