బురదతోపాటు సాక్ష్యమూ కొట్టుకుపోతోంది

వరద తీసిన ఇంట్లో అడుగుపెట్టగానే ముక్కుపుటాలు అదిరే వాసన. గోడ మీద స్విచ్‌బోర్డుకు జానెడు పైన గీత గీసినట్టు నీటి మరక. ఫ్రిజ్ నీళ్లలో తేలి, పక్కకు ఒరిగి, తలుపు దగ్గర అడ్డంగా పడి ఉంటుంది. ప్లైవుడ్ బీరువా తలుపులు ఉబ్బిపోయి ఎంత లాగినా రావు. పరుపు నలుగురు పట్టినా లేవనంత బరువు. వీటి మధ్య ఇల్లాలు చీర చెంగు నడుముకు దోపుకొని, రేకు ముక్కతో బురద ఎత్తి బకెట్లో పోస్తుంటుంది. దండెం మీద బట్టలు ఉండాల్సిన చోట క్లిప్పులతో తగిలించిన కాగితాలు ఆరుతుంటాయి. ఇంటి దస్తావేజు, పిల్లల మార్కుల మెమోలు, బ్యాంకు పాసుపుస్తకం, బండి ఆర్‌సీ... ఇంకు అలుక్కుపోయి ఏ కాగితం ఏదో ఆ ఇంటివాళ్లే చెప్పలేని పరిస్థితి.

2024 సెప్టెంబరు 1న, ఆదివారం పూట, బుడమేరు వాగు విజయవాడ మీద పడింది. వెలగలేరు రెగ్యులేటర్ దిగువన డైవర్షన్ కాలువకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, కండ్రిక చూస్తుండగానే మునిగిపోయాయి. పక్కనే కృష్ణ కూడా నిండుగా ఉంది. ప్రకాశం బ్యారేజీ వద్ద వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి పాత రికార్డులన్నీ చెరిపేసింది. అదే ఆదివారం ఖమ్మంలో మున్నేరు ఒడ్డు కాలనీలూ ఇంటి కప్పుల దాకా మునిగాయి. బెజవాడలో కొన్ని వీధుల్లో నీళ్లు పోవడానికి వారం పైనే పట్టింది. ఆ వారం గురించి రాసింది చాలా ఉంది. ఆ తర్వాతి నెలల గురించి రాసింది తక్కువ. మేం ఇక్కడ మాట్లాడుతున్నది ఆ నెలల గురించే.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అప్పుడు చేతులు ముడుచుకు కూర్చోలేదు. గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన ఇంటికి 25,000 రూపాయలు, పై అంతస్తుల వాళ్లకు 10,000, దెబ్బతిన్న ద్విచక్ర వాహనానికి 3,000, ఆటోకు 10,000 చొప్పున ఇచ్చింది. ఫైరింజన్లు పంపి ఇళ్లలో బురద కడిగించింది. తెలంగాణ ప్రభుత్వం ముంపు కుటుంబానికి 16,500 చొప్పున ఖాతాల్లో వేసింది. ఆపదలో అందిన ఆ చేయి విలువ తక్కువ కాదు. అయితే లెక్క ఒకసారి వేసుకోవాలి. ఒక ఫ్రిజ్, ఒక వాషింగ్ మెషీన్, రెండు పరుపులు, మిక్సీ, గ్రైండర్, పొయ్యి, ఇంటిల్లిపాదికీ బట్టలు, పాడైన వైరింగు... ఒక్కోటీ కొంటూ పోతే పాతిక వేలు ఎన్ని రోజులు నిలుస్తాయి? ప్రభుత్వ సాయం లేచి నిలబడటానికి పనికొస్తుంది. ఇల్లు మళ్లీ ఇల్లు కావాలంటే డబ్బు ఇంకో దారిన రావాలి. ఆ దారి పేరు బీమా. మన ఊళ్లలో అది తెరుచుకున్న ఇళ్లు బహు తక్కువ. తెరుచుకున్న చోట కూడా గడప దాటేలోపే కాళ్లకు అడ్డం పడేవి చాలా ఉన్నాయి.

అన్నిటికన్నా పెద్ద అడ్డం ఇది: ఇల్లు శుభ్రం చేసుకోవడానికీ, నష్టం రుజువు చేసుకోవడానికీ పొత్తు కుదరదు. బురద ఎండిపోతే గట్టిపడి గడ్డపారకు కూడా లొంగదు. తడిసిన పరుపు, బియ్యం, పప్పులు రెండో రోజుకే కుళ్లి కంపు కొడతాయి. దోమలు, రోగాలు, చంటిపిల్లలు. అందుకే ఎవరైనా ముందు అన్నీ వీధిలోకి విసిరేస్తారు. మునిసిపాలిటీ ట్రాక్టర్ వచ్చి ఆ కుప్పను ఎత్తుకుపోతుంది. ఆ ట్రాక్టర్‌లో పోయేది చెత్త మాత్రమే కాదు, క్లెయిమ్‌కు కావాల్సిన రుజువు కూడా. తర్వాత నష్టం అంచనా వేసే బీమా సర్వేయర్ వచ్చి ‘పాడైన సామాను చూపించండి’ అంటే చూపించడానికి కడిగిన గచ్చు తప్ప ఏమీ ఉండదు. నిజాయితీగా, కష్టపడి ఇల్లు బాగుచేసుకున్న మనిషే ఆ క్షణంలో అబద్ధాలకోరులా నిలబడాల్సి వస్తుంది. ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది?

కాబట్టి పాలసీ ఉన్న ప్రతి ఇంటికీ మేం చెప్పేది ఒక్కటే. చీపురు పట్టేముందు ఫోన్ పట్టండి. గోడ మీద నీటి గీత, ఆ గీత పక్కన నిలబడిన మనిషి, ప్రతి గది నాలుగు మూలలు, ప్రతి వస్తువు, దాని వెనక అంటించిన మోడల్ నంబర్, సీరియల్ నంబర్... అన్నీ ఫొటోలు, వీడియోలు తీయండి. వాటిని ఊళ్లో లేని బంధువుకు వెంటనే పంపేయండి. మీ ఫోన్ పాడైనా అవి ఉంటాయి. పారేసే పరుపులోంచి ఓ ముక్క, కార్పెట్‌లోంచి ఓ ముక్క కోసి పక్కన పెట్టండి. బిల్లులు కొట్టుకుపోతే కంగారు పడొద్దు. కొన్న షాపు కంప్యూటర్‌లో ఉంటాయి, కార్డుతో కొంటే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంటాయి, ఈఎంఐ మీద కొంటే ఫైనాన్స్ కంపెనీ దగ్గర ఉంటాయి. పెళ్లి ఆల్బమ్‌లో, గృహప్రవేశం వీడియోలో మీ టీవీ, సోఫా కనిపిస్తే అదీ ఆధారమే. ఫోటోలు తీశాక బీమా కంపెనీకి కబురు చెప్పండి, వాళ్లిచ్చే క్లెయిమ్ నంబర్ రాసుకోండి. ఇక ఇల్లు కడుక్కోండి. నష్టం ఇంకా పెరగకుండా జాగ్రత్త పడటం పాలసీదారు బాధ్యత అని పాలసీలోనే ఉంటుంది. ఒక్క సంగతి మాత్రం మరవొద్దు. ఎలక్ట్రీషియన్ చూడకుండా మెయిన్ స్విచ్ వేయొద్దు. గోడలోని వైరింగు పైపుల్లో నీళ్లు దిగి ఉంటాయి.

సర్వేయర్ కోసం వారాల తరబడి ఎదురుచూడక్కర్లేదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 జూన్‌లో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిమ్ చెప్పిన 24 గంటల్లో సర్వేయర్‌ను కేటాయించాలి. అక్కడి నుంచి 15 రోజుల్లో నివేదిక రావాలి. అది అందిన 7 రోజుల్లో కంపెనీ తన నిర్ణయం చెప్పాలి. కాగితాలు లేవన్న ఒకే కారణంతో క్లెయిమ్ తోసిపుచ్చకూడదు. నిబంధన బాగుంది. ఒక ఊరు మొత్తం ఒకే రోజు మునిగినప్పుడు ఈ గడువులు నిలబడాలంటే మాత్రం కంపెనీలు పక్క రాష్ట్రాల సర్వేయర్లను కూడా ముందే సిద్ధం చేసి ఉంచాలి. నీళ్లు వచ్చాక మనుషుల్ని వెతుక్కోవడం దాహం వేశాక బావి తవ్వుకోవడమే. విజయవాడలో సబ్ కలెక్టర్ కార్యాలయంలో క్లెయిమ్‌ల కోసం ప్రత్యేక కేంద్రం పెట్టడం మంచి పని. అలాంటిది వరద వచ్చాక ఒకచోట కాకుండా, ప్రతి వార్డు సచివాలయంలో మొదటి రోజు నుంచే ఉండాలి.

ఇంకో చిక్కు ఆలస్యంగా బయటపడుతుంది. వరద నీరు తాగిన గోడ పైకి ఆరినట్టే కనిపిస్తుంది, లోపల నెలల తరబడి తేమ ఉంటుంది. దసరాకో దీపావళికో రంగులు వేయిస్తారు. సంక్రాంతి నాటికి ఆ రంగు పొక్కులు పొక్కులుగా లేస్తుంది. గచ్చు కింద మట్టి కుంగి ఏదో మూల టైల్స్ బోలు శబ్దం చేస్తాయి. తలుపు చట్రం వంగి గడియ పడదు. అప్పటికి కంపెనీ చెక్కు వచ్చేసి ఉంటుంది, ‘పూర్తి పరిష్కారంగా స్వీకరించాను’ అన్న కాగితం మీద సంతకమూ అయిపోయి ఉంటుంది. చేతిలో పైసా లేక, అప్పులవాళ్లు గుమ్మంలో ఉన్నప్పుడు ఎవరైనా సంతకం పెడతారు. ఆ అవసరం తెలిసి ఆ కాగితం ముందు పెట్టడం సరైన పని కాదు. ముందు కొంత సొమ్ము ఖాతాలో వేసి, మిగతా లెక్క ఇల్లు ఆరాక తేల్చే పద్ధతిని పెద్ద వరదల్లో తప్పనిసరి చేయాలి. ఇచ్చిన మొత్తం తక్కువ అనిపిస్తే పాలసీదారు తన అభ్యంతరాన్ని రాతపూర్వకంగా తెలపాలి, సర్వే నివేదిక నకలు అడిగి తీసుకోవాలి. కంపెనీకి ఫిర్యాదు చేసి నెల రోజులైనా జవాబు రాకపోతే, వచ్చిన జవాబు నచ్చకపోతే బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి, హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు పోవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ అదే ఆఫీసు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. 50 లక్షల రూపాయల దాకా తీర్పు ఇచ్చే అధికారం ఉంది.

ఇక బండ్ల సంగతి. వరద తర్వాత మెకానిక్ షెడ్ల ముందు బారులు తీరిన బైకులు, ఆటోలు చూసినవాళ్లకు ఈ బాధ తెలుసు. ‘మా బండికి ఐదేళ్ల ఇన్సూరెన్స్ ఉందండీ’ అని ధీమాగా వెళ్లి, ముఖం వేలాడేసుకుని తిరిగొచ్చినవాళ్లు ఎందరో. 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేళ్లు తప్పనిసరి చేసింది థర్డ్ పార్టీ బీమాను. అంటే మన బండి వల్ల ఎదుటివాడికి జరిగే నష్టానికి. మన బండికే వరదలో నష్టం జరిగితే ఇచ్చేది ఓన్ డ్యామేజ్ భాగం. చాలామందికి అది మొదటి ఏడాదితోనే అయిపోతుంది, మళ్లీ కట్టరు. ఇది మోసం కాదు. కానీ అమ్మేటప్పుడు షోరూమ్‌లో రెండు మాటలు విడమరిచి చెప్పే మనిషి ఉంటే ఇంత నష్టం ఉండేది కాదు. కార్లవాళ్లకు ఇంకో మాట: నీళ్లలో నిలిచిన కారును స్టార్ట్ చేసి చూడొద్దు. ఆ ఒక్క తాళం తిప్పడంతో ఇంజిన్‌లోకి నీరు చేరి లోపలి భాగాలు విరుగుతాయి. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ లేకపోతే ఆ ఖర్చు కంపెనీ ఇవ్వదు.

ఇళ్ల దగ్గరికి వస్తే చాలామందికి అసలు పాలసీయే లేదు. జీవిత బీమా ఉంటుంది, బండి బీమా ఉంటుంది, జీవితమంతా కూడబెట్టి కట్టుకున్న ఇంటికి మాత్రం ఉండదు. గృహరుణం తీసుకున్నవాళ్లలో చాలామంది పేరిట బ్యాంకు ఒక పాలసీ తీసుకునే ఉంటుంది. అది ఇంటి మీదో, అప్పు తీసుకున్న మనిషి ప్రాణం మీదో వాళ్లకు తెలియదు. పాలసీ కాగితం ఎప్పుడూ చేతికి రాలేదు మరి. ఈ వారంలోనే బ్యాంకుకు వెళ్లి అడగండి. 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ ‘భారత్ గృహ రక్ష’ అనే ఒకే నమూనా పాలసీ అమ్మాలి. వరద, తుపాను, ముంపు అన్నీ అందులో ఉన్నాయి. ఇంటి నిర్మాణానికి బీమా చేస్తే, ఆ మొత్తంలో 20 శాతం మేర, గరిష్ఠంగా 10 లక్షల దాకా, ఇంటి సామానుకు దానంతట అదే రక్షణ వస్తుంది. ఇల్లు ఉండటానికి పనికిరాకుండా పోతే వేరేచోట అద్దె ఖర్చు కూడా ఉంది. లెక్క కట్టేది స్థలం ధర మీద కాదు, మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చు మీద. అందుకే ప్రీమియం భయపెట్టేంత ఉండదు. 10 లక్షల నిర్మాణానికి సాధారణంగా ఏడాదికి వందల్లోనే. అద్దెకున్నవాళ్లు కూడా తమ సామానుకు విడిగా తీసుకోవచ్చు.

ఇంత సులువైనది ఎందుకు చేరలేదు? చిన్న ప్రీమియం కాబట్టి ఏజెంటుకు కమీషన్ పెద్దగా రాదు, అందుకే ఎవరూ తలుపు తట్టరు. బుడమేరు పక్కన వేల ఇళ్లకు రిజిస్టర్డ్ దస్తావేజు లేదు, ప్రభుత్వం ఇచ్చిన స్థలానికి బీ ఫారం పట్టా ఉంటుంది, లేదా స్టాంపు కాగితం మీద రాసుకున్న ఒప్పందం. ఇల్లు నిజం, కాగితం సందేహం. పైగా ఆరోగ్య, జీవిత బీమాల వ్యక్తిగత పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ ఎత్తేసిన కేంద్రం, ఇంటి బీమా మీద 18 శాతం అలాగే ఉంచింది. మనిషికి ఇచ్చిన ఊరట అతను తలదాచుకునే గూటికి ఎందుకు ఇవ్వరు? జీఎస్టీ మండలి ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి.

రాష్ట్ర ప్రభుత్వాలు కూడా చేయగలిగింది ఉంది. నాగాలాండ్ తన ప్రజల తరఫున ప్రభుత్వమే ప్రీమియం కట్టి, వర్షం ఒక కొలత దాటితే సర్వే లేకుండానే డబ్బు వచ్చే బీమా తీసుకుంది. చిన్న రాష్ట్రం చేసిన పని మనవల్ల కాదా? బుడమేరు, మున్నేరు ముంపు వీధులు ఎవరికీ కొత్త కాదు. 2005లోనూ బుడమేరు ఇదే వైపు వచ్చింది. ఆ వీధుల్లోని తెల్లకార్డు ఇళ్లన్నిటికీ కలిపి ఒక గుంపు పాలసీ తీసుకుంటే, నివాస రుజువుగా కరెంటు బిల్లునో ఇంటిపన్ను రసీదునో అంగీకరించేలా కంపెనీలతో మాట్లాడితే, దస్తావేజు లేని ఇల్లూ లోపలికి వస్తుంది.

మరో పని ఇంతకన్నా తేలిక, దానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. వరద తగ్గగానే సచివాలయం సిబ్బంది ఫోన్ పట్టుకుని ఇంటింటికీ తిరిగి ఎన్యూమరేషన్, అంటే నష్టం నమోదు, చేస్తారు. ఆ యాప్‌లో నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో, ఏయే సామాను పోయిందో ఫొటోలతో సహా నమోదు చేసి, ‘మీకు పాలసీ ఉందా, నంబర్ ఎంత’ అని ఒక గడి చేర్చాలి. ఆ నమోదు నకలును అదే రోజు ఇంటివాళ్ల ఫోన్‌కు పంపాలి. దాన్ని నష్టానికి రుజువుగా తీసుకోవాలని ఐఆర్‌డీఏఐ కంపెనీలకు ఒక్క సర్క్యులర్ ఇస్తే చాలు. ప్రభుత్వ ఉద్యోగి కళ్లతో చూసి రాసిన నీటి గీత దగ్గర ఉండగా, వీధిలో పారేసిన పరుపును మళ్లీ వెతికి తెమ్మనడానికి ఎవరికీ కారణం ఉండదు. ఆ గడి చేర్చే పని ఈ వానలు మొదలయ్యేలోపే పూర్తి చేయాలని రెండు రాష్ట్రాల విపత్తు నిర్వహణ సంస్థలను కోరుతున్నాం.