ఇమిగ్రేషన్ పని స్థానిక పోలీసులకెందుకు?

జైలు నడిపే ప్రతి కౌంటీ షెరీఫ్ (జిల్లా లాంటి కౌంటీకి పోలీసు అధిపతి) ఫెడరల్ ఇమిగ్రేషన్ విభాగమైన ఐస్‌తో, ఇమిగ్రేషన్ పనిలో సహకరించే ఒప్పందం చేసుకోవాలనే చట్టం టెక్సాస్‌లో 2026 జనవరి 1న అమల్లోకి వచ్చింది. కాలిఫోర్నియా, ఇల్లినాయ్, న్యూజెర్సీలు దీనికి భిన్నంగా, ఐస్‌కు స్థానిక పోలీసులు ఎంతవరకు సహకరించవచ్చో ఒక గీత గీశాయి. ఆ గీత ఉండాలన్నదే మా అభిప్రాయం.

ఇది చట్టాన్ని ధిక్కరించడం కాదు. ఫెడరల్ కార్యక్రమాల అమలుకు స్థానిక అధికారులను బలవంతంగా వాడుకోరాదని అమెరికా సుప్రీంకోర్టు 1997లోనే తేల్చింది. తుపాకులు కొనేవారి వివరాలను షెరీఫ్‌లు తనిఖీ చేయాలన్న నిబంధనపై వచ్చిన తీర్పు అది. తుపాకుల విషయంలో చెల్లిన సూత్రం వలసదారుల విషయంలోనూ చెల్లాలి కదా!

ఐస్ పంపే డిటైనర్ సంగతే చూడండి. విడుదల కావలసిన మనిషిని మరో 48 గంటల వరకు జైల్లోనే ఉంచమని కోరే కాగితం అది. దాని మీద జడ్జి సంతకం ఉండదు, ఐస్ అధికారి సంతకమే ఉంటుంది. అది విజ్ఞప్తే తప్ప ఆదేశం కాదని 2014లో ఫిలడెల్ఫియాలోని ఫెడరల్ అప్పీళ్ల కోర్టు చెప్పింది. జడ్జి ముందుకు వెళ్లకుండా ఒక మనిషి స్వేచ్ఛను రెండు రోజులు లాగేసుకోవడం ఏ ఊళ్లో జరిగినా తప్పే.

వలస హోదా తెలుసుకోవడానికి ఎవరినీ ఆపి ప్రశ్నించవద్దని లాస్ ఏంజలెస్ పోలీసు శాఖ 1979లోనే ఉత్తర్వు ఇచ్చింది. దాన్ని జారీ చేసింది కఠినుడిగా పేరున్న పోలీస్ చీఫ్ డారిల్ గేట్స్. బాధితులు, సాక్షులు భయపడి ముందుకు రాకపోతే నేరాలు తేలవు. అరిజోనాలోని మారికోపా కౌంటీలో షెరీఫ్ జో ఆర్పాయో దీనికి పూర్తిగా వ్యతిరేక దారి పట్టారు. ఆయన సిబ్బంది లాటినోలను జాతి ఆధారంగా ఆపుతున్నారని 2013లో ఫెడరల్ కోర్టు నిర్ధారించింది. ఆ కేసు ఖర్చును అక్కడి పన్ను చెల్లింపుదారులు ఏళ్ల తరబడి మోశారు.

పత్రాలు సరిగా ఉన్న మనవాళ్లకు ఈ టెన్షన్ లేదనుకోవడం పొరపాటు. 2025లో విదేశీ విద్యార్థుల పేర్లను పోలీసు రికార్డులతో సరిచూసి విదేశీ విద్యార్థుల హోదాను నమోదు చేసే ప్రభుత్వ డేటాబేస్ సెవిస్‌లో వేల మంది రికార్డులను రద్దు చేశారు. కొట్టేసిన కేసులు, ట్రాఫిక్ టికెట్లు ఉన్నవాళ్లూ అందులో చిక్కుకున్నారు. కోర్టుల్లో వరుసగా ఎదురుదెబ్బలు తగిలాకే వాటిని పునరుద్ధరించారు. ఇక హెచ్-4 వీసాపై ఉన్న ఇల్లాలి పరిస్థితి మరీ కష్టం. ఆమె హోదా భర్త వీసాతో ముడిపడి ఉంటుంది. అతను కొడుతున్నప్పుడు 911కు ఫోన్ చేస్తే వచ్చే పోలీసు తన వీసా అడుగుతాడేమోనన్న భయం ఉంటే ఆమె ఎవరికి చెప్పుకోవాలి? గృహహింస వంటి నేరాల బాధితులు పోలీసులకు సహకరిస్తే యూ వీసాకు అర్హత ఇచ్చే చట్టాన్ని 2000లో అమెరికా కాంగ్రెసే చేసింది. పోలీసును చూస్తేనే వణికే చోట ఆ చట్టం ఆమెకు ఎందుకూ కొరగాదు.

కరడుగట్టిన నేరస్థులను వదిలేయాలా అంటారు. అక్కర్లేదు. తీవ్రమైన నేరాల్లో శిక్ష పడినవారిని ఐస్‌కు అప్పగించడానికి కాలిఫోర్నియా చట్టమే వీలు కల్పించింది.

టెక్సాస్‌లో చట్టం వచ్చేసినా షెరీఫ్‌ల చేతులు పూర్తిగా కట్టేసి లేవు. ఒప్పందాన్ని జైలు గోడల లోపలికే పరిమితం చేసి, రోడ్డు మీద గస్తీ తిరిగే సిబ్బందికి ఇమిగ్రేషన్ అధికారాలు ఇవ్వకుండా ఉండవచ్చు. షెరీఫ్ ఓట్లతో గెలిచే పదవి. డల్లాస్ చుట్టుపక్కల కౌంటీల్లో పౌరసత్వం ఉన్న తెలుగువారు, తెలుగు సంఘాలు ఈ మాటను తమ షెరీఫ్ ముందు, కౌంటీ కమిషనర్ల సమావేశాల్లో గట్టిగా వినిపించాలి.