సవరణ: సైకిల్ సీటు ఎత్తు గురించి

అరవై దాటాక సైకిల్ మొదలుపెట్టేవారి కోసం మొన్న రాసినప్పుడు, సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాలని చెప్పాను. అది తప్పు. సీటు అంత కిందికి ఉంటే ప్రతి తొక్కుకూ మోకాలు మరీ ఎక్కువగా వంగి, మోకాలిచిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది. మోకాళ్లను కాపాడుకోవాల్సిన వయసులో ఇది చిన్న పొరపాటు కాదు.

సైకిల్ అమరిక నిపుణులు, ఫిజియోథెరపిస్టులు సాధారణంగా చెప్పే కొలత వేరు: పెడల్ అన్నిటికంటే కిందికి వచ్చినప్పుడు మోకాలు సుమారు 25 నుంచి 35 డిగ్రీలు వంగి ఉండాలి. గోడ పట్టుకుని సీటు మీద కూర్చుని, కింది పెడల్ మీద మడమ పెట్టి చూడండి. కాలు తిన్నగా చాచుకుంటే ఎత్తు దాదాపు సరిపోయినట్టే. పాదం ముందు భాగంతో తొక్కినప్పుడు ఆ కొద్దిపాటి వంపు దానంతట అదే వస్తుంది. ఆగేటప్పుడు సీటు మీది నుంచి ముందుకు దిగి కాలు ఆనించాలి.

బ్యాలెన్స్ ఇప్పుడే నేర్చుకుంటున్నవారు మొదటి కొన్ని రోజులు సీటు దించుకోవచ్చు. ఎక్కి దిగడమే కష్టమైతే అడ్డకడ్డీ లేకుండా, మధ్యలో కిందికి వంగిన ఫ్రేము ఎంచుకోండి. దుకాణంలో దాన్ని ఆడవారి సైకిల్ అన్నా మగవారు సంకోచించవద్దు. నా మాట విని సీటు దించినవారు కొద్దికొద్దిగా పెంచుకోండి.